టికెట్ మూసే ముందు ఒక్కసారి హలో అనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో ఇంటర్నెట్ ఫోన్ మాట సరిగా పోవడం లేదని మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చాను. ఒక్కో కంప్లైంట్‌ను కంపెనీవాళ్లు ఒక 'టికెట్' అంటారు. మూడుసార్లూ 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. మూడో మెసేజ్ వచ్చిన రాత్రే బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ఏమంటాండావో ఒక్క ముక్కా అర్థం కాలే" అని పెట్టేసింది. కంపెనీ పేరు రాయను. పక్కింటివాళ్లది వేరే కంపెనీ, వాళ్లకూ ఇదే గోల.

నేను అనంతపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంక్ ఆపరేటర్‌గా, అంటే వేరే ఊళ్లకు కాల్స్ కలిపే పని చేసి రిటైరయ్యాను. 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకుని, గంటలకొద్దీ కాచుకునే రోజులవి. హెడ్‌సెట్ పెట్టుకుని గరగర, గుయ్‌మనే మోత, పక్క లైన్‌లో వాళ్ల సంసారం అన్నీ విని విని, లైన్‌కు జబ్బేమిటో చెవితోనే పట్టే అలవాటు వచ్చింది. అప్పుడు మాకూ టికెట్లుండేవి. కాల్ ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలు అని రాసే చీటీలు. ఇటు మాట అటు, అటు మాట ఇటు వినబడిందని రూఢి చేసుకున్నాకే నేను వాటి మీద టైమ్ వేసేదాన్ని.

కంప్లైంట్ మీద వచ్చిన అబ్బాయి మంచివాడే. పొద్దున పదకొండుకు వచ్చి సెల్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాడు. "వంద వస్తోంది మేడమ్, సూపర్‌గా ఉంది" అన్నాడు. మాట తెగేది రాత్రి ఎనిమిదికి కదప్పా అంటే, ఆ టైముకు డ్యూటీ ఉండదన్నాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. ఫోన్ మాటకు స్పీడ్ పెద్దగా అక్కర్లేదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో మామూలుగా ఒక కాల్‌కు 0.1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. నెట్‌లో మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 చొప్పున పంపుతారు. అవి ఒకే ఎడంతో, వరసగా అందాలి. ఒక ముక్క వెనకబడితే అవతలి ఫోన్ కాసేపు చూసి దాన్ని వదిలేస్తుంది. అక్కడే మాట తెగుతుంది. సినిమాకు ఈ బాధ లేదు, ముందే కొంత దించిపెట్టుకుంటుంది. నోట్లోంచి ఇంకా రాని మాటను ముందే దించిపెట్టుకోలేం కదా! మాట ఇటు నుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుంటే మేలని అంతర్జాతీయ టెలికాం యూనియన్ లెక్క. అది బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. మా ఆయన, మా అమ్మాయి నెట్ బాగున్నప్పుడూ అలాగే మాట్లాడతారు కాబట్టి వాళ్లను చూసి ఏమీ తేల్చలేం.

ఇక నేనే పట్టుకున్నాను. పాల లెక్క రాసే క్యాలెండర్ మీద, ఏ రోజు ఎన్నింటికి మాట తెగిందో వారంపాటు రాశాను. ఒకటి తేలింది. అమ్మాయి మాట నాకు గంటలా వినబడుతోంది, నా మాటే దానికి పోవడం లేదు. అంటే లోపలికి వచ్చే దారి బాగుంది, బయటికి పోయే దారిలోనే అడ్డం. వైఫై ఆపేసి సెల్ డేటాతో మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. రెండోది, ఆదివారం గడి ఖాళీగా ఉంది. ఆ రోజు మా మనవడు ధర్మవరంలో పెళ్లికి పోయినాడు.

వాడిని కూర్చోబెట్టి అడిగితే బయటపడింది. సాయంత్రం గ్రౌండ్‌లో క్రికెట్ వీడియోలు తీస్తాడు. ఎనిమిదికి ఇంట్లోకి రాగానే ఫోన్ వైఫై పట్టుకుని ఆ వీడియోలన్నీ బ్యాకప్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. మా ప్లాన్‌లో అప్‌లోడ్, అంటే బయటికి పోయే దారి, డౌన్‌లోడ్ కంటే చాలా తక్కువ. సన్నదారిలో వేరుశనగ బస్తాల ట్రాక్టర్లు వరసగా పోతుంటే వెనక సైకిల్ మీద పోయేవాడి గతే నా మాటకు పట్టింది. "అవ్వా, నాకేం తెలుసు!" అన్నాడు. నిజమే, వాడికేం తెలుసు. ఇప్పుడు బ్యాకప్ ఆపి ఉంచి, పడుకునే ముందు ఆన్ చేస్తాడు.

ఆ తర్వాత అమ్మాయికి తన మాటే తిరిగి వినబడటం మొదలైంది. తన ఫోన్ పాడైందని కొత్తది కొనబోయింది. నేను ఆపాను. ఎకో ఎవరికి వినబడితే తప్పు వాళ్ల వైపు కాదు, చాలావరకు అవతలి వైపుంటుంది. మా హాల్లో తాడిపత్రి బండలు, తెరలు లేవు, నేను స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాను. దాని మాట బండలకు కొట్టుకుని నా ఫోన్ మైకులోకే పోతోంది. ఫోన్ చెవికి పెట్టుకున్నాక పోయింది. వైఫై బాక్సును ఇనుప బీరువా వెనక నుంచి బయటికి తీశాం. మైక్రోవేవ్ ఓవెన్ తిరిగేటప్పుడు తెగే మాట, వైఫైని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారిస్తే కుదుటపడింది.

 

మా ఇంట్లో తప్పు కంపెనీది కాదని ఒప్పుకుంటున్నాను. కానీ మూడుసార్లు టికెట్ మూసినవాళ్లలో ఒక్కరూ 'ఎవరి మాట ఎవరికి వినబడటం లేదు? ఏ టైముకు?' అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలు ఫోన్‌లోనే అడగొచ్చు, మనిషిని పంపనక్కర్లేదు. పంపితే మాత్రం మాట తెగే టైముకే పంపాలి. ఆ ఇంటి ఫోన్ నుంచే ఒక కాల్ చేసి, రెండువైపులా విన్నాకే మూయాలి. వినియోగదారులు డాకెట్ నంబరు, అంటే కంప్లైంట్‌కు ఇచ్చే నంబరు, తప్పక రాసి పెట్టుకోవాలి. పని కాకుండానే మూసేస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

పక్కింటాయన ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన నెట్ ఫోన్ మోగుతుంది, ఎత్తితే అవతలివాళ్ల మాట రాదు. మోగించే కబురు ఒక దారిన, మాట ఇంకో దారిన వస్తాయి. బాక్సులో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపితే చాలాచోట్ల నయమవుతుంది. ఆయన బాక్సులో అది కంపెనీవాళ్లే ఆపాలి. నిన్న ఆయనకూ 'పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది.

– ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్, అనంతపురం