ప్యానెల్ వచ్చింది, మైకు రాలేదు

సంపాదకులకు,

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద మన ఉన్నత పాఠశాలల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (గోడకు బిగించే పెద్ద టచ్ తెరలు) బిగించారు, వీడియో పాఠాలు నడుస్తున్నాయి. అదే గదిలో కూర్చున్న బధిర విద్యార్థులకు మాత్రం ఆ పాఠం సగం కూడా అందడం లేదు. లోపం ప్యానెల్‌ది కాదు. దానికి జతగా రావాల్సినవి రాలేదు.

చెవికి యంత్రం ఉంది కదా, ఇంకేం కావాలని చాలామంది అడుగుతారు. యంత్రం టీచరు గొంతుతో పాటు ఫ్యాన్ల హోరునూ పెంచుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే మీటరు దూరంలో వినపడే మాట నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 12 డెసిబెళ్లు పోగొట్టుకుంటుంది. హోరు మాత్రం గదంతా అలాగే ఉంటుంది. అందుకే టీచరు మెడ దగ్గర మైకు, ఆ మాటను వైరు లేకుండా పంపే ట్రాన్స్‌మిటర్, దాన్ని అందుకునేందుకు పిల్లల యంత్రానికి రిసీవరు ఉండే ఎఫ్‌ఎం సెట్టు కావాలి. మైకు గడ్డానికి జానెడు దూరంలో ఉండాలి. చున్నీ, పైట అంచు రాసుకుంటే పిల్లల చెవిలో గరగర తప్ప మరేమీ వినపడదు. వీడియో పెట్టినప్పుడు ప్యానెల్ ఆడియో అవుట్ నుంచి వైరుతో ట్రాన్స్‌మిటర్‌కు కలపాలి. మామూలు బ్లూటూత్‌తో శబ్దం ఆలస్యంగా వచ్చి పెదవుల కదలికతో కలవదు.

అసలు యంత్రం పనిచేస్తోందా అన్నది ఉదయం రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. మీటరు దూరంలో నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనాలి. వినపడిన ప్రతిసారీ పిల్లలు చెయ్యెత్తాలి. నిన్నటిదాకా ‘స్’ వినపడి ఈరోజు వినపడకపోతే ముందు బ్యాటరీ, గొట్టంలో చెమ్మ, చెవి అచ్చులో (చెవి కొలతకు చేసి లోపల అమర్చే ముక్కలో) గులిమి చూడాలి. చెవుడు ఎక్కువున్నవారికి ఇచ్చే పవర్ యంత్రాల్లో వేసే నీలం స్టిక్కరు 675 బ్యాటరీ గాలితో పనిచేస్తుంది. స్టిక్కరు తీశాక మూడు నాలుగు నిమిషాలు ఆగి వేయాలి. తీసిన స్టిక్కరు మళ్లీ అంటించినా దాని ఆయువు ఆగదు. రోజంతా వాడితే సుమారు రెండు వారాలు వస్తుంది, రెండు చెవులకు ఏడాదికి 50 దాకా కావాలి. శిబిరాల్లో యంత్రం ఉచితంగా ఇచ్చి, ఈ బ్యాటరీల ఖర్చు కూలి చేసుకునే తల్లిదండ్రులకు వదిలేస్తే ఆ యంత్రం పెట్టెలోకే పోతుంది. చెవి పెరిగి అచ్చు వదులైతే యంత్రం ఈల వేస్తుంది. ఆ ఈల భరించలేక ఇంట్లో వాల్యూమ్ తగ్గించేస్తారు, పిల్లలకు మాట అందకుండా పోతుంది.

ఇక తెరపై అక్షరాలు. గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఫోన్ యాప్ తెలుగు మాటను అక్కడికక్కడే అక్షరాల్లో చూపిస్తుంది. దానికి మంచి నెట్, నోటికి దగ్గరగా మైకు ఉండాలి. ‘కిరణజన్య సంయోగక్రియ’ లాంటి మాటలు ముక్కలైపోతాయి కాబట్టి పాఠంలోని పది కొత్త పదాలు ముందే బోర్డు మీద రాసి ఉంచాలి. ఒక సంగతి తరచూ మరిచిపోతాం: బధిర విద్యార్థి ఒకేసారి తెర చదువుతూ, టీచరు ముఖం చూస్తూ, నోట్సు రాసుకోలేడు. చదవమన్నప్పుడు టీచరు మాట ఆపాలి. నోట్సు తోటివారి పుస్తకం నుంచి ఫొటో తీసి ఇవ్వాలి.

తీవ్రమైన చెవుడున్న పిల్లలకు ఇవేవీ సంజ్ఞా భాషకు బదులు కావు. కేంద్రం నడిపే పీఎం ఈ-విద్య పాఠాల టీవీ ఛానెళ్లలో 31వది 2024 డిసెంబరు నుంచి భారతీయ సంజ్ఞా భాషకే కేటాయించారు. ప్యానెల్ ఉన్న ప్రతి బడిలో దాన్ని చూపించవచ్చు. ఈ పిల్లలకు తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.

బడి విద్య పథకమైన సమగ్ర శిక్ష అధికారులకు మా విజ్ఞప్తి: వీడియో పాఠాలకు తెలుగు క్యాప్షన్లు రాష్ట్ర స్థాయిలో ఒక్కసారి టైపు చేయిస్తే అన్ని బళ్లకూ సరిపోతాయి. బ్యాటరీలకు, ఎఫ్‌ఎం సెట్లకు బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టాలి. చెవి అచ్చుల కొలతలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో వేసవిలోనే తీసుకుని, జూన్‌లో బడి తెరిచేనాటికి కొత్తవి పిల్లల చేతికి ఇవ్వాలి.

— సహిత విద్య ఉపాధ్యాయులు, విజయనగరం జిల్లా