టీలోకి ఏమేం దిగుతున్నాయో లెక్క తీయించండి: ఆహార భద్రత శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆహార భద్రత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రపంచంలో మంచినీళ్ల తర్వాత జనం ఎక్కువగా తాగేది టీనే. ఒక్క కప్పులోకి దిగే పురుగుమందులు, సీసం లాంటి కలుషితాలు లెక్కలోకి రానంత తక్కువే కావచ్చు. కానీ అదే మనిషి రోజుకు నాలుగైదు కప్పుల చొప్పున ఏళ్ల తరబడి తాగుతాడు. అందుకే "పరిమితికి లోబడే ఉంది" అన్న ఒక్క మాటతో ఈ ఫైలు మూసేయవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

ఆ పరిమితులు పెట్టింది ఎండుటాకు మీద. మనం ఆకు తినం, దాని సారం తాగుతాం. ఏది ఎంత దిగుతుందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ లాంటి పురుగుమందులు నీళ్లలో కరుగుతాయి కాబట్టి వాటిలో చాలా భాగం కప్పులోకి వచ్చేస్తుంది. బైఫెంత్రిన్ లాంటిది దాదాపుగా ఆకునే అంటిపెట్టుకుని పిప్పితో పాటే పోతుంది. ఆకును మాత్రమే పరీక్షించే నివేదికలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు. తోటలో పెరిగే కొన్ని కలుపు మొక్కలు వీటిని తయారుచేసుకుంటాయి. ఆకు కోసేటప్పుడు, ముఖ్యంగా యంత్రాలతో కోసేటప్పుడు, ఆ కలుపూ కలిసిపోతుంది. ఇవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. వీటిలో కొన్ని జంతువుల్లో క్యాన్సర్ కలిగించాయి కూడా. ఎండు తేయాకులో ఇవి కిలోకు 150 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య నియమం. కప్పుకు 2 గ్రాముల ఆకు వేసి, ఉన్నదంతా దిగిందనుకుంటే కప్పులో 0.3 మైక్రోగ్రాములు, ఐదు కప్పుల్లో 1.5. ఇప్పుడు రెండో వైపు చూడండి. జంతువుల్లో క్యాన్సర్ పెరుగుదలను బట్టి ఐరోపా ఆహార భద్రత సంస్థ 2017లో ఆధారంగా తీసుకున్న మోతాదు శరీర బరువు కిలోకు రోజుకు 237 మైక్రోగ్రాములు. దానికి పదివేల రెట్లు కింద ఉంటేనే ఆందోళన తక్కువని ఆ సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి అది రోజుకు సుమారు 1.4 మైక్రోగ్రాములు. అంటే పరిమితి అంచున ఉన్న టీ ఐదు కప్పులు తాగితే ఆ గీత దాటినట్టే. 20 కిలోల పిల్లలైతే రెండు కప్పులకే దాటేస్తారు. గీత దాటగానే జబ్బు వస్తుందని కాదు, అమ్మకానికి వచ్చే టీ అంతా ఆ అంచునే ఉందనీ కాదు. చట్టం ఒప్పుకునే టీ తాగి కూడా గీత దాటే వీలుంది, నా భయమల్లా అదే.

ఫ్లోరైడ్ సంగతి వేరు. అది ఎవరో కలిపింది కాదు, తేయాకు మొక్కే నేలలోంచి లాక్కుని ఆకుల్లో దాచుకుంటుంది. లేత చిగుళ్లలో తక్కువ, ముదురాకులో ఎక్కువ. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ముదురాకుతో చేసిన చౌక రకాల డికాక్షన్ దాన్ని దాటడం అరుదేమీ కాదు. టీ కాచే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్నచోట రెండూ కలుస్తాయి. చౌక రకం కొనేవాళ్లే ఎక్కువ మోతాదు మింగాల్సి రావడం నాకు అన్యాయంగా తోస్తోంది.

సీసం విషయంలోనైతే వెనకాడటానికి అవకాశమే లేదు. సీసానికి అంతకుముందు పెట్టిన వారపు పరిమితి ఆరోగ్యాన్ని కాపాడలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో దాన్ని ఉపసంహరించుకుంది.

అందుకని, అయ్యా, ఆకుతో పాటు డికాక్షన్‌నూ పరీక్షించమని మీ ప్రయోగశాలలను ఆదేశించండి. కాసేపు నానబెట్టినది, బాగా మరిగించినది విడివిడిగా చూడాలి. జనం ఎంత టీ తాగుతున్నారో సర్వే చేయించండి. సగటు చాలదు, అందరికన్నా ఎక్కువ తాగేవాళ్ల లెక్క, పిల్లల లెక్క, గర్భిణుల లెక్క వేరువేరుగా కావాలి. ఫలితాలను బ్రాండ్ల పేర్లతో సహా బయటపెట్టండి. కలుపు ఏరివేతకు, కట్టెల పొగలోని కలుషితాలు అంటకుండా ఆకు ఆరబెట్టే ఏర్పాట్లకు చిన్న రైతులకు సాయం అందించండి, ఆ భారం వాళ్ల నెత్తిన వేయకండి. ఈ పనులు ఎప్పటికి మొదలవుతాయో తేదీతో సహా బహిరంగంగా జవాబివ్వమని మనవి.

ఇట్లు,
రోజూ టీ తాగే ఒక వినియోగదారు