అమరుడి స్తూపం నిర్మాణం: జమా ఖర్చుల వివరణ

గ్రామ ప్రజలకు, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉంటున్న మన ఊరి వాళ్లకు, శ్రీలంకలో చనిపోయిన మన ఊరి జవాను స్తూపం కమిటీ నమస్కారాలు. ఆవిష్కరణ అయిన పదిహేను రోజుల్లో లెక్క చెబుతామని మైకులో అన్నాం, రెండు నెలలు పట్టింది. గ్రానైట్ చివరి బిల్లు ఆలస్యంగా చేతికొచ్చింది. ఈలోపు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటలన్నీ చదివాం.

జమ:
గ్రామస్థుల చందాలు (212 రసీదులు) – రూ. 1,86,500
దుబాయ్, సౌదీ నుంచి మన పిల్లలు – రూ. 64,000
మండలంలోని మాజీ సైనికులు – రూ. 45,000
పదో తరగతి పాత బ్యాచ్ వాళ్లు – రూ. 32,000
మొత్తం రూ. 3,27,500

ఖర్చు:
పునాది, దిమ్మె, కూలి – రూ. 98,400
నల్ల గ్రానైట్ స్తంభం, లారీ కిరాయి – రూ. 1,12,000
మొదటి పలక – రూ. 9,500
రెండో పలక – రూ. 21,000
రెయిలింగ్, లైట్లు – రూ. 38,700
ఆవిష్కరణ రోజు టెంటు, మైకు, భోజనాలు – రూ. 31,500
ఢిల్లీ ప్రయాణం – రూ. 23,860
మొత్తం రూ. 3,34,960

తక్కువ పడిన రూ. 7,460 కమిటీలోని ఐదుగురం వేసుకున్నాం.

పలక రెండుసార్లు ఎందుకు చేయించారని అడిగారు. మన జవాను 1987లో భారత ప్రభుత్వం శ్రీలంకకు పంపిన శాంతి సేనతో వెళ్లి, తమిళ పులుల (ఎల్టీటీఈ) మీద ఆ సేన చేపట్టిన ఆపరేషన్ పవన్ మొదలైన అక్టోబరులోనే చనిపోయాడు. ఇంటికి అస్థికలే వచ్చాయి. ఇంట్లో దాచుకున్న టెలిగ్రాం చూసి మేం తారీఖు చెక్కించాం. తర్వాత పింఛను కాగితాలు తీస్తే అసలు తారీఖు అంతకు ఐదు రోజుల ముందుదని తేలింది. ముందే ఆ కాగితాలు అడగకపోవడం మా పొరపాటే. రెండోసారి పలక మందంగా, పెద్దగా తీసుకున్నాం, సైనిక నంబరు, ఆపరేషన్ పేరు కూడా పట్టాలని. ధర తేడా అందుకే.

ఇక ఢిల్లీ ఖర్చు. ఎక్కువ మాటలు దీని మీదే వచ్చాయి. జవాను తల్లి, ఆమె మనుమరాలు, కమిటీ నుంచి ఇద్దరం, మొత్తం నలుగురం అక్కడి జాతీయ యుద్ధ స్మారకంలో మనోడి పేరు చూడడానికి వెళ్లాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ థర్డ్ ఏసీ రానుపోను 15,640, రెండు రాత్రులు రూములకు 4,400, ఆటోలు, భోజనాలు 3,820. పేరు ఉందో లేదో ఫోన్‌లో చూస్తే సరిపోయేది కదా అన్నారు. సరిపోయేది, మనకైతే. ఎనభై దాటిన, చదువు రాని ఆ తల్లికి ఫోన్‌లో ఏం చూపిస్తాం? శాంతి సేనలో దాదాపు 1,200 మంది చనిపోయారు. 1990 మార్చిలో సైన్యం మద్రాసులో దిగినప్పుడు అక్కడి ముఖ్యమంత్రి స్వాగతానికి కూడా వెళ్లలేదు. వాళ్ల కోసం కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వమే స్మారకం కట్టించింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచింది 2019లో, అంటే సైన్యం తిరిగొచ్చిన 29 ఏళ్లకు. కార్గిల్‌కు ఏటా జూలైలో బడిలో జెండా పెట్టి మాట్లాడతాం, పెట్టాలి కూడా. ఈ యుద్ధం పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆ స్మారకంలో అమరుల పేర్లు చెక్కిన గోడల వలయం, త్యాగచక్రంలో గ్రానైట్ మీద బంగారు రంగు అక్షరాలు. మనుమరాలు పేరు వెతికి చూపిస్తే పెద్దమ్మ చెప్పులు విడిచి, కొంగుతో రాయి తుడిచింది. "ఇన్ని గోడల్ల మనోడు ఒక్కడే ఉన్నడా?" అని అడిగింది. చుట్టూ వేల పేర్లున్నాయని చెబితే చాలాసేపు అక్కడే కూర్చుంది. ఈ ఖర్చు ముందు గ్రామసభలో చెప్పి చేయాల్సింది, చెప్పలేదు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. వెళ్లడం మాత్రం తప్పు కాదు.

మొదటి పలక అమ్ముకున్నారన్న మాట చాలా బాధపెట్టింది. అది పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. తారీఖు తప్పు కదా, పారేస్తామంటే ఇవ్వలేదు. "నాకు తప్పు కాదు బిడ్డా, నాకు ఎరుకైంది ఆ దినమే" అంది.

చందా రాయించి ఇంకా ఇవ్వని వాళ్లు 11 మంది, రూ. 41,000 రావాలి. పేర్లు రాయడం లేదు. అందులో ముగ్గురు ఆవిష్కరణ రోజు స్టేజీ మీద శాలువా కప్పించుకున్నారు. ఉగాదిలోపు ఇస్తే లోటు పోను మిగిలింది చుట్టూ మొక్కలకు, కరెంటు బిల్లుకు వాడతాం. రసీదు పుస్తకాలు, బిల్లులు పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి. ఉచితంగా పని చేసిన మేస్త్రీలకు, ట్రాక్టర్ ఇచ్చిన వాళ్లకు, పది రూపాయలు తెచ్చిచ్చిన బడి పిల్లలకు చేతులెత్తి దండం.