చివరి ఓవర్ గురించి తల్లిదండ్రులకు: ఈ నెల పాఠశాల వార్తాలేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారములు.

ప్రతి నెలా ఈ లేఖను పరీక్షల తేదీలతో మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా చేయలేకపోతున్నాను. పోయిన ఆదివారం మన అమ్మాయిలు ఆడిన అంతర పాఠశాలల క్రికెట్ ఫైనల్‌లో చివరి ఓవర్ గురించి నాలుగు రోజులుగా గేటు దగ్గర, స్కూలు బస్సుల్లో, మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న మాటలు నా గది దాకా వచ్చాయి. వాటిలో సగం అసలు జరగని సంగతులు కాబట్టి, మైదానంలో ఉండి చూసిన మనిషిగా, ఆ తర్వాత పిల్లలతోనూ అంపైర్లతోనూ విడివిడిగా మాట్లాడిన ప్రధానోపాధ్యాయురాలిగా ముందు జరిగింది చెబుతాను.

మనవాళ్లు ఇరవై ఓవర్లలో 112 పరుగులు చేశారు. అవతలి జట్టు తొమ్మిది వికెట్లు పోగొట్టుకుని 110 దగ్గర ఉంది. రెండు బంతులు మిగిలాయి, వాళ్లకు మూడు పరుగులు కావాలి. తొమ్మిదో తరగతి చదువుతున్న మన ఎడమచేతి బౌలర్ పరుగెత్తుకొచ్చి, బంతి వదలకుండా ఆగి, అప్పటికే క్రీజు గీత దాటి ఉన్న నాన్ స్ట్రైకర్ (బౌలర్ వైపు కొసన నిలబడే బ్యాటర్) వైపు వికెట్లు పడగొట్టి అప్పీల్ చేసింది, అంటే ఔటివ్వమని అంపైర్‌ను అడిగింది. అంపైర్ వేలెత్తారు. అది వాళ్ల పదో వికెట్, అక్కడితో ఆట మనదే. అయితే మిడాన్‌లో ఉన్న మన కెప్టెన్, పదో తరగతి అమ్మాయి, నడుచుకుంటూ వచ్చి బౌలర్‌తో అర నిమిషం మాట్లాడి, అంపైర్ దగ్గరకు వెళ్లి అప్పీల్ వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు. తర్వాతి బంతి కవర్స్ మీదుగా బౌండరీకి వెళ్లింది. ఒక్క వికెట్ తేడాతో మనం ఓడిపోయాం.

ఆ సాయంత్రం నుంచి మనలో రెండు పక్షాలు తయారయ్యాయి. బౌలర్ది తొండి ఆట అని ఒక పక్షం. చేతికొచ్చిన కప్పును కెప్టెన్ ధారపోసిందని మరో పక్షం. ఈ రెండు మాటలూ తప్పే.

ముందు తొండి సంగతి చూద్దాం. ఈ మాట మన వీధుల్లో ఆడుకునే ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆటకు ముందు అందరూ ఒప్పుకున్న కట్టుబాటును మధ్యలో ఎగ్గొట్టడమే తొండి. గోడ దాటితే ఔట్ అని ముందే అనుకుని, తన వంతు వచ్చాక కాదనేవాడు తొండి చేసినట్టు. మన బౌలర్ ఏ కట్టుబాటును ఎగ్గొట్టింది? బౌలర్ చేతి నుంచి బంతి మామూలుగా వెలువడవలసిన క్షణం దాకా నాన్ స్ట్రైకర్ క్రీజులోనే ఉండాలని, లేకపోతే రనౌట్ చేయవచ్చని క్రికెట్ నియమావళిలోని 38వ నియమం చెబుతుంది. ముందుగా హెచ్చరించాలన్న షరతు అందులో లేదు. ఇదే అంశం ఒకప్పుడు 'అనుచితమైన ఆట' గురించి చెప్పే 41వ నియమం కింద ఉండేది. నియమాలను రాసే ఎంసీసీ 2022 అక్టోబర్ 1 నుంచి దాన్ని అక్కడి నుంచి తీసి, మామూలు రనౌట్ నియమంలోనే చేర్చింది. పైగా అదే ఓవర్లో ఆ నాన్ స్ట్రైకర్ రెండుసార్లు ముందుగా కదలడం గమనించి మన అమ్మాయి అంపైర్‌కు చెప్పింది కూడా. స్టంపింగ్‌లో క్రీజు దాటిన బ్యాటర్‌ను ఔట్ చేసిన ఏడో తరగతి వికెట్ కీపర్‌ను మనం చప్పట్లతో మెచ్చుకున్నాం (ఆ చిన్నది ఆ రోజు మూడు స్టంపింగ్‌లు చేసింది, ఆ చేతుల వేగం గురించి ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను). అదే గీత అవతలి కొసన దాటిన బ్యాటర్‌ను ఔట్ చేస్తే నేరం ఎలా అవుతుంది?

ఈ రకం ఔట్‌కు మనవాడైన పాతతరం క్రికెటర్ వినూ మన్కడ్ పేరు పెట్టి, 'మన్కడింగ్' అని ఒక తిట్టులాగా వాడడం నాకు మొదటి నుంచీ బాధ కలిగించే విషయం. 1947 డిసెంబర్‌లో సిడ్నీ టెస్టులో ఆయన ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఇలా ఔట్ చేశారు. అంతకు ముందు నెలలో అదే మైదానంలో మరో మ్యాచ్‌లో అదే బ్రౌన్‌ను ఒకసారి హెచ్చరించి, వినకపోతే ఔట్ చేసి ఉన్నారు. అవతలి జట్టు కెప్టెన్ డాన్ బ్రాడ్‌మన్ స్వయంగా మన్కడ్ చేసింది న్యాయమేనని రాశారు. 1952లో లార్డ్స్ టెస్టులో 72, 184 పరుగులు చేసి, ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు కూడా తీసిన అంతటి ఆటగాడిని ఒక రనౌట్ పేరుతో గుర్తుపెట్టుకోవడం అన్యాయం. దయచేసి మన పిల్లల ముందు ఆ పదం వాడకండి, రనౌట్ అనండి చాలు.

2022 సెప్టెంబర్‌లో అదే లార్డ్స్‌లో భారత స్పిన్నర్ దీప్తి శర్మ ఇంగ్లాండ్ అమ్మాయి చార్లీ డీన్‌ను ఇలాగే ఔట్ చేసి మ్యాచ్ ముగించినప్పుడు ఆమెను ఎన్ని మాటలన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ దీప్తి శర్మే 2025 నవంబర్‌లో నవీ ముంబైలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో అర్ధసెంచరీ చేసి, ఐదు వికెట్లు తీసి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ ఫైనల్‌ను మన హాల్లో రికార్డింగ్ పెట్టి చూపించినప్పుడు, మన బౌలర్ మొదటి వరసలో నేల మీద కూర్చుని కన్నార్పకుండా చూసింది.

ఇక కెప్టెన్ విషయం. 'నియమం ఒకటి, క్రీడాస్ఫూర్తి మరొకటి, ఈ పిల్ల రెండోది పట్టుకుని మొదటిది వదిలేసింది' అని ఒక తండ్రిగారు నాతో అన్నారు. నేను వినయంగానే చెబుతున్నాను, ఆమె నియమాన్ని వదల్లేదు. తర్వాతి బంతి ఆటలోకి రాకముందే, ఇన్నింగ్స్ ముగిసి ఉంటే అంపైర్లు మైదానం వీడేలోపు, అంపైర్ సమ్మతితో, ఫీల్డింగ్ జట్టు కెప్టెన్ అప్పీల్ వెనక్కి తీసుకోవచ్చని అదే నియమావళిలో 31వ నియమం ఉంది. అంటే బౌలర్‌కు ఒక హక్కు ఇచ్చిన పుస్తకమే కెప్టెన్‌కూ ఒక హక్కు ఇచ్చింది. 1980లో బొంబాయి స్వర్ణోత్సవ టెస్టులో భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ చేసింది ఇదే. వికెట్ వెనక క్యాచ్ ఇచ్చాడని అంపైర్ ఔటిచ్చిన ఇంగ్లాండ్ ఆటగాడు బాబ్ టేలర్‌ను, బంతి బ్యాట్‌కు తగల్లేదని తనకు తోచి వెనక్కి పిలిపించారు. ఆ టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు, మనం పది వికెట్లతో ఓడాం. 2011లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లాండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ రనౌట్ విషయంలో ధోనీ కూడా అప్పీల్ వదులుకున్నాడు, ఆ టెస్టూ మనం ఓడాం. ఓడినందుకు వాళ్లిద్దరినీ ఎవరూ చిన్నచూపు చూడలేదు.

మన కెప్టెన్ ఎందుకు అలా చేసిందో ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడిగాను. "ముందు రెండుసార్లు ఆ అమ్మాయి కావాలనే కదిలింది మేడమ్, ఈసారి మాత్రం మ్యాట్ అంచుకు బూటు తగిలి తూలింది, నాకు పక్క నుంచి కనిపించింది" అని చెప్పింది. పరుగెత్తుకొస్తున్న బౌలర్‌కు క్రీజు బయట ఉన్న కాలు మాత్రమే కనిపించింది. ఎవరు నిలబడిన చోటు నుంచి వాళ్లు చూసింది నిజమే. కెప్టెన్ వచ్చి తాను చూసింది చెప్పగానే బౌలర్ అన్న మాట కూడా మీరు వినాలి: "అయితే వద్దులే అక్కా." మీరు నాలుగు రోజులుగా ఎవరి పక్షాన ఎవరు అని వాదించుకుంటున్న ఆ ఇద్దరమ్మాయిల మధ్య అసలు తగాదా లేదు. అప్పీల్ చేసిందీ వాళ్లే, వెనక్కి తీసుకుందీ వాళ్లే, ఓడినా తలెత్తుకుని అవతలి వాళ్లతో చేతులు కలిపిందీ వాళ్లే. చేతికొచ్చిన కప్పు ముందు పద్నాలుగేళ్ల పిల్ల ఆ మాట అనగలిగిందంటే, ఆ క్షణంలో నాకు కళ్లు చెమర్చాయని రాయడానికి నేను మొహమాటపడను.

ఆ తర్వాత జరిగింది రాయడమే కష్టంగా ఉంది. రాత్రి పదకొండు గంటలకు కెప్టెన్ తండ్రికి ఫోన్ చేసి 'మీ అమ్మాయి వల్ల మా పాప మెడల్ పోయింది' అన్నవారున్నారు. బౌలర్ పేరు పెట్టి వాయిస్ మెసేజ్ పంపినవారున్నారు. అది ఆ అమ్మాయికే చేరింది. బౌండరీ తాడు దాటి లోపలికొచ్చి అంపైర్‌తో వాదించినవారిని నేనే స్వయంగా బతిమాలి వెనక్కి పంపాను. మీ అందరికీ మన పిల్లల మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు, దానికి నేను ఎప్పుడూ కృతజ్ఞురాలిని. అయితే జ్వరమని సెలవు చీటీ వచ్చిన రోజే పెళ్లి పందిట్లో పిల్లవాడి ఫొటో స్టేటస్‌లో కనిపిస్తున్నప్పుడు, సైన్స్ ప్రదర్శనకు తెచ్చిన నమూనాను షాపులో చేయించి పిల్లవాడి పేరు అంటిస్తున్నప్పుడు, పద్నాలుగేళ్ల అమ్మాయికి నీతి లేదని చెప్పే ముందు ఇంట్లో ఏ నియమం నడుస్తోందో ఒక్కసారి చూసుకోమని సవినయంగా కోరుతున్నాను. పిల్లలు మన మాటల కన్నా మన చీటీలనే శ్రద్ధగా చదువుతారు. అలాగే ఉదయం ప్రాక్టీసుకు ఏమీ తినకుండా పంపకండి. పోయిన వారం ఒక పాప మైదానంలో కళ్లు తిరిగి పడిపోయింది. రెండు ఇడ్లీలు పెట్టడానికి పది నిమిషాలు చాలు.

ఇంకొక మాట, ఇది నేను ప్రతి సంవత్సరం చెప్పేదే. ఎనిమిదో తరగతి దాటగానే అమ్మాయిల ఆట మాన్పించకండి. పెద్దమనిషి అయింది, ఎండలో నల్లబడుతుంది, పదో తరగతి దగ్గరకొస్తోంది, ట్యూషన్ ఉంది: ఈ నాలుగు కారణాలతో ఈ బడిలోనే ఎంతమంది మంచి ఆటగత్తెలు బ్యాట్ పక్కన పెట్టేశారో నేను పేర్లతో సహా చెప్పగలను. ఇంట్లో అన్నయ్యల మధ్య ఆటలో అరటిపండుగా మొదలైన పిల్ల, పన్నెండేళ్లకు బంతిని రెండు వైపులా తిప్పడం నేర్చుకుని, పదమూడేళ్లకు ఇంట్లో కూర్చుంటే, ఆ నష్టాన్ని ఏ మార్కుల జాబితా పూడ్చదు. కడప జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లిన శ్రీచరణి, ఎడమచేతి స్పిన్నర్, 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఆ అమ్మాయిని కూడా ఎనిమిదో తరగతిలో ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒత్తిడిలో ఒక నిర్ణయం తీసుకోవడం, తీసుకున్నాక దాని ఫలితాన్ని మోయడం, అంపైర్ మాటకు తల వంచడం, తెలిసిన నిజాన్ని నష్టమైనా చెప్పడం: ఇవి ఏ ట్యూషన్‌లోనూ దొరకవు. నేను ఉన్నంతకాలం మన టైమ్‌టేబుల్‌లో ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వను, దయచేసి అడగకండి.

మిగిలిన విషయాలు క్లుప్తంగా: పదో తరగతి నామినల్ రోల్స్‌లో పేర్లు, పుట్టిన తేదీలు ఈ వారంలోనే సరిచూసి సంతకం చేయాలి, రెండో టర్మ్ ఫీజు, బస్సు పాసుల సంగతి ఆఫీసులో కనుక్కోండి.

ఇకపై మన జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కు ముందు, క్రీజు వదిలితే రనౌట్ చేస్తామని మన కెప్టెన్ టాస్ దగ్గరే అవతలి కెప్టెన్‌కు చెబుతుంది. మన నాన్ స్ట్రైకర్లు బౌలర్ చేతి నుంచి బంతి వెళ్లేదాకా బ్యాట్‌ను గీత లోపలే ఉంచడం రోజూ సాధన చేస్తారు. పీఈటీ మాస్టారు సోమవారం నుంచే మొదలుపెట్టారు. ఆ అవతలి అమ్మాయిని కూడా ఎవరూ నిందించకండి, తనకు ఇది నేర్పినవారు లేకపోవచ్చు.

వచ్చే శనివారం ఉదయం 9 గంటలకు అదే జట్టు మన మైదానానికి స్నేహపూర్వక మ్యాచ్ ఆడటానికి వస్తోంది. ఫైనల్‌లో ఒక్క పొరపాటూ లేకుండా స్కోరు పుస్తకం రాసిన ఎనిమిదో తరగతి అబ్బాయే మళ్లీ రాస్తాడు, వాడి పక్కన నేను కూర్చుంటాను. మీ కోసం వేపచెట్టు కింద కుర్చీలు వేయిస్తున్నాం, తాడుకు ఈవల. ఆదివారం నుంచి ప్రాక్టీసుకు రాని మన బౌలర్‌కు ఆ రోజు మొదటి ఓవర్ ఇస్తానని కెప్టెన్ చెప్పింది. వస్తానని ఆ అమ్మాయి నిన్న సాయంత్రం ఒప్పుకుంది. మీరందరూ రండి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు