ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

హింసకు గురై ఆసుపత్రికి వచ్చిన వాళ్లను ముందు పోలీసు కాగితం అడగడం మాన్పించండి. లైంగిక దాడి తర్వాత హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. అత్యవసర గర్భనిరోధక మాత్రకు గడువు 5 రోజులు.

గొంతు నులిమారని చెబితే, మెడ మీద మచ్చ లేదని ఇంటికి పంపేయకూడదు. లోపల రక్తనాళం చీలితే కొన్ని రోజులకు పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగుడు పడుతోందా అని అడగాలి, కళ్లలో ఎర్రచుక్కలున్నాయేమో చూడాలి.

వెంట వచ్చిన వాళ్ల ఎదుట అడిగితే నిజం బయటికి రాదు (వాళ్లే కొట్టి ఉండొచ్చు కదా). జరిగిందంతా చెప్పి తీరాలని పట్టుబట్టినా గాయం మానదు.

పొరుగువాళ్లకూ శిక్షణ ఇప్పించండి. అరుపులు వినిపిస్తే ఏదో నెపంతో తలుపు తట్టడం, ఆయుధం ఉంటే దూరంగా ఉండి పోలీసులను పిలవడం. పెద్దమనుషుల రాజీ మాత్రం వద్దు. పైగా కొట్టేవాళ్ల నుంచి విడిపోయే రోజుల్లోనే బాధితులకు ప్రాణభయం ఎక్కువ.