నీలం దుప్పటి, నాయనమ్మ చీర

హైదరాబాద్
గురువారం రాత్రి

బుజ్జీ,

మొన్న ఆదివారం లైటు ఆర్పేశాక నువ్వొక మాట అడిగావు. "అమ్మా, సూపర్‌మ్యాన్‌కి అసలు అమ్మ ఎవరు?" అని. పొద్దున్నే నాకు రైలు ఉంది, బ్యాగు సర్దలేదు, మర్నాటి దోసెలకి పిండి ఇంకా రుబ్బలేదు. "పడుకో, రేపు చెప్తా" అనేశాను. రేపు నేను ఊళ్ళోనే ఉండనని ఇద్దరికీ తెలుసు. నువ్వు ఇంకేం మాట్లాడకుండా అటు తిరిగి పడుకున్నావు. నీకు నిద్ర పట్టలేదని కూడా నాకు తెలుసు. నిద్రపోతే నీ కాలు వచ్చి నా మీద పడుతుంది. ఆ రాత్రి పడలేదు.

ఇక్కడ ట్రైనింగ్ క్లాసులు అయిదింటికల్లా వదిలేస్తున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప తోడు లేదు. నాలుగు సాయంత్రాలు కూర్చుని ఈ సూపర్‌మ్యాన్ గొడవంతా చదివాను. ఫోన్లో చెప్పొచ్చు, కానీ నువ్వు స్పీకర్ పెడతావు, వెనకాల మీ నాన్న జోకులు మొదలెడతారు. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక విషయం ఒప్పుకుంటా. ఆదివారం దాకా నాకు తెలిసిన సూపర్‌మ్యాన్ అంటే ఎన్టీఆర్ గారే. ఆ సినిమా 1980లో వచ్చింది. అందులో ఆయనకి శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. గ్రహమూ లేదు, రాకెట్టూ లేదు. అది చూసొచ్చి మీ మావయ్య మెడకి తువ్వాలు కట్టుకుని అరుగు మీంచి దూకాట్ట. వాడి గడ్డం కింద మచ్చ నువ్వు చూశావుగా, అదే.

అసలు కథ అమెరికాలో, క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో మొదలైంది. జెర్రీ సీగెల్ రాసేవాడు, జో షుస్టర్ బొమ్మలు వేసేవాడు. ఇద్దరూ 1914లోనే పుట్టారు, గ్లెన్‌విల్ హైస్కూల్లో స్నేహితులయ్యారు, ఇద్దరివీ యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబాలు. జెర్రీ వాళ్ళ నాన్నకి బట్టల కొట్టు ఉండేది. 1932లో దొంగలు పడ్డప్పుడు ఆయన ఆ కొట్టులోనే కుప్పకూలి చనిపోయాడు. జెర్రీకి అప్పుడు పదిహేడేళ్ళు. ఆ తర్వాత కొన్నేళ్ళకి వాడు రాసిన మనిషికి తుపాకీ గుండు తగిలినా చర్మం దాటదు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ కొట్టే కళ్ళముందుకొస్తోంది.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికొస్తా. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చాడు. వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ కలిపి ఒక్క పేజీ. దూరాన ఏదో గ్రహం ముసలిదై నాశనమైపోతుంటే ఒక శాస్త్రవేత్త తన పసివాణ్ణి రాకెట్‌లో పెట్టి భూమికి పంపాడు. దారిన పోయే ఒక కారాయన చూసి అనాథాశ్రమంలో అప్పజెప్పాడు. అంతే! ఆ గ్రహానికి పేరు లేదు, కన్నవాళ్ళకి పేర్లు లేవు, పెంచినవాళ్ళయితే అసలు లేనే లేరు. ఆశ్రమంలో పెరిగి పెద్దవాడైపోయాడు. ఆ పేజీలో ఒక బొమ్మ ఉంది. చంటివాడు పెద్ద కుర్చీని ఒంటి చేత్తో నెత్తి మీదికి ఎత్తుతుంటే ఆయాలు నోరు తెరిచి చూస్తుంటారు. ఆ ఒక్క బొమ్మ నేను చాలాసేపు చూశాను.

మరుసటి ఏడు జనవరిలో పేపర్లలో రోజూ బొమ్మల కథగా మొదలైనప్పుడు కన్నవాళ్ళకి పేర్లొచ్చాయి: జోర్-ఎల్, లోరా. తర్వాత్తర్వాత లోరా కాస్తా లారా అయింది. పిల్లాడి పేరు కాల్-ఎల్, గ్రహం పేరు క్రిప్టాన్. అదే 1939లో సూపర్‌మ్యాన్ పేరుతో విడిగా పుస్తకం వచ్చినప్పుడు ఆ మొదటి కథని కాస్త పెంచి రాశారు. వాణ్ణి పెంచిన కెంట్ దంపతులు అప్పుడొచ్చారు.

ఆ పేజీ గురించి నీకు వివరంగా చెప్పాలి. రాకెట్‌లో పిల్లాణ్ణి చూసింది పెద్దవయసు మొగుడూపెళ్ళాలు. తీసుకెళ్ళి ఆశ్రమంలో ఇచ్చారు. ఇచ్చి ఇంటికెళ్ళారు కానీ మనసు ఊరుకోలేదు. మళ్ళీ వచ్చి, ఆ బిడ్డని మాకిస్తారా అని అడిగారు. ఈలోపు వాడు అక్కడున్న సామానంతా విరగ్గొట్టి పెట్టాడు. వీడు మొత్తం కట్టడమే కూల్చేలోగా తీసుకెళ్తున్నారు, అదే పదివేలు అని ఆశ్రమం వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నాకు నవ్వాగలేదు. శిశుగృహలో ఆయమ్మ నిన్ను నా చేతికిస్తూ అన్న మాటేంటో తెలుసా? "రాత్రిళ్ళు పడుకోదమ్మా ఈ పిల్ల, పళ్ళెం ఇస్తే విసిరేస్తది, ముందే చెప్తున్నా." నీకప్పుడు పదకొండు నెలలు. కెంట్ వాళ్ళకి ఒక్క పూటలో పనైపోయింది. మాకు రెండేళ్ళు పట్టింది. ఒకావిడ ఇంటికొచ్చి బాత్రూమ్ గొళ్ళెం పడుతుందో లేదో కూడా చూసి రాసుకెళ్ళింది.

అదే కథలో ఇంకో సంగతి. పిల్లాడు కాస్త పెద్దయ్యాక నాన్న వాడితో, ఈ బలం నలుగురికీ తెలియనివ్వకు, భయపడతారు అంటాడు. పక్కనే అమ్మ, కానీ సమయం వచ్చినప్పుడు దీంతో మనుషులకి సాయపడాలి అంటుంది. 1938లో ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. అంటే సూపర్‌మ్యాన్‌కి బలం ముందొచ్చింది, దాంతో ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు ఏడాది ఆలస్యంగా వచ్చారు.

ఇంతకీ ఆ అమ్మ పేరు అప్పట్లో మేరీ. మధ్యలో 1942లో వచ్చిన ఒక నవల్లో సారా అయింది. 1950ల మొదట్లో మార్తా, జొనాథన్ అని ఖాయం చేశారు. పెంచినావిడ పేరు తేల్చుకోడానికే అన్నేళ్ళు! వాళ్ళు పిల్లాడికి పెట్టిన పేరు క్లార్క్. అది మార్తా పుట్టింటి ఇంటిపేరని తర్వాత రాశారు. మా పుట్టింటివాళ్ళు గుమ్మడి వారు. ఆ లెక్కన నిన్ను బళ్ళో "గుమ్మడీ" అని పిలిచేవాళ్ళు. మీ నాన్న అదృష్టం కొద్దీ నాకా ఐడియా రాలేదు.

శక్తుల గురించి కూడా నువ్వు తెలుసుకోవాలి, ఎందుకంటే క్లాసులో నువ్వే అథారిటీవిట. మొదట్లో వాడికి ఎగరడం రాదు. ఒక్క దూకుకి 200 మీటర్లు, లేకపోతే 20 అంతస్తుల మేడ. అంతే. అది నమ్మించడానికి చీమనీ మిడతనీ చూపించారు: చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోయడం లేదా, మిడత తన పొడవుకి ఎన్ని రెట్లు దూకుతుంది, ఇతనూ అంతే అని. గాల్లో ఎగరడం రేడియో నాటకాల్లోనూ, 1941 నుంచి వచ్చిన కార్టూన్ సినిమాల్లోనూ అలవాటై, పుస్తకాల్లోకి మెల్లిగా వచ్చింది. ఇక 1960లో ఇంకో కారణం చెప్పారు. క్రిప్టాన్‌కి ఉన్నది ఎర్ర సూర్యుడు, మనది పసుపు సూర్యుడు. ఆ ఒంటికి ఈ ఎండ తగిలితేనే శక్తి. అక్కడే ఉండిపోయి ఉంటే అందరిలా మామూలు మనిషే. ఇది నాకు భలే నచ్చింది. ఒళ్ళు అక్కడిది, ఎండ ఇక్కడిది. నీకు గిరజాల జుట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. అందులో రోజూ కొబ్బరి నూనె మర్దనా చేసేది మాత్రం నేనే.

పచ్చరాయి సంగతి, అదే క్రిప్టొనైట్, నీకు తెలుసు. అది కూడా ముందు 1943లో రేడియోలో పుట్టింది. పుస్తకాల్లోకి 1949లో వచ్చింది. ఆ 1949 కథ చదివి నేను లేచి కాసేపు వరండాలో తిరిగాను. ఎందుకో చెప్తా విను. చదివేవాళ్ళకి పదేళ్ళుగా క్రిప్టాన్ గురించి తెలుసు. సూపర్‌మ్యాన్‌కి మాత్రం తెలీదు! తను ఎక్కణ్ణుంచి వచ్చాడో వాడికెవరూ చెప్పలేదు. ఆ రాయి దగ్గరికొస్తే నీరసమొచ్చి పడిపోయాడు. ఇది నన్నెందుకు ఇలా చేస్తోంది అని దాని వెంటపడి కాలంలో వెనక్కి వెళ్ళాడు. ఒక గ్రహం మీద ఇద్దరు తమ బిడ్డని రాకెట్‌లో పెట్టడం చూశాడు. వాళ్ళకి ఇతను కనబడడు. ఆ రాకెట్ వెంట భూమిదాకా వచ్చాడు. దాన్ని కెంట్ వాళ్ళు తెరిచి బిడ్డని ఎత్తుకోవడం చూశాక గానీ, ఆ పిల్లాడు తనేనని తెలీలేదు వాడికి.

నీకు నాలుగేళ్ళప్పుడే మేం చెప్పేశాం. నీకు గుర్తుండకపోవచ్చు. "అయితే నేను బండిలో వచ్చానా?" అని అడిగి మళ్ళీ బొమ్మలతో ఆడుకోడానికి వెళ్ళిపోయావు. చెప్పేస్తే అయిపోతుందనుకున్నాం. మొన్న నీ గొంతు విన్నాక, అయిపోలేదని అర్థమైంది.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. 1959లో సూపర్‌మ్యాన్ చిన్నాన్న కూతురు కారా భూమికొచ్చింది. ప్రపంచంలో వాడికి మిగిలిన ఒకే ఒక్క రక్తసంబంధం. ఏం చేశాడంటావు? ఇంటికి తీసుకెళ్ళకుండా, తన గుట్టు బయటపడుతుందని అనాథాశ్రమంలో పెట్టాడు! రెండేళ్ళ తర్వాత 1961లో డాన్వర్స్ అనే దంపతులు ఆ పిల్లని తీసుకెళ్ళారు. ఈ విషయంలో మీ సూపర్‌మ్యాన్‌ని నేను క్షమించను. 1963లో కెంట్ దంపతులని ఏదో దీవిలో అంటుకున్న జ్వరంతో చంపేశారు. కొండలెత్తే కొడుకు పక్కన నిలబడి ఏమీ చెయ్యలేకపోయాడు. 1986లో జాన్ బర్న్ అనే ఆయన కథ మళ్ళీ మొదట్నుంచి రాసినప్పుడు వాళ్ళని బతికించి ఉంచాడు. క్లార్క్ పెద్దయ్యాక కూడా పొలానికెళ్ళి వంటింట్లో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటాడు. ఇది బాగుంది. కానీ అదే కథలో మంచుతుపానుకి దారులు మూసుకుపోయిన నెలలు చూసుకుని, వీడు మాకే పుట్టాడని మార్తా ఊరందరికీ చెప్పేస్తుంది. అది నాకు నచ్చలేదు. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నేనెవర్ని, నన్నూ అలా చెప్పమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు.

క్లార్క్‌తో కలిసి పేపర్లో పనిచేసే లోయిస్ లేన్ గురించి రాయడం లేదు. క్లార్కే సూపర్‌మ్యాన్ అని ఆవిడకి తెలియడానికి 1991 దాకా పట్టింది, పెళ్ళి 1996లో. కళ్ళజోడు పెట్టుకుంటే పోల్చుకోలేకపోయిన ఆ విలేఖరి తెలివితేటల గురించి మనం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి చెప్పి ముగిస్తా. 13 పేజీలకి 130 డాలర్లిచ్చి కంపెనీ సూపర్‌మ్యాన్‌ని మొత్తంగా కొనేసింది. చెక్కు మీద వీళ్ళ పేర్లు కూడా తప్పు రాశారు. తర్వాత కోర్టుకెళ్ళారని పుస్తకాల మీంచి ఆ పేర్లే తీసేశారు. వాళ్ళిద్దరికీ అరవై దాటాక, 1975లో, నలుగురూ గొడవ చేస్తే, ఏడాదికి 20,000 డాలర్ల పింఛనిచ్చి పేర్లు తిరిగి వేశారు. డబ్బు మాట అలా ఉంచు. అన్నేళ్ళు ఆ మొదటి పేజీలో ఎవరు కన్నారో రాయకుండా వదిలేశారు, చూడు, అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

నీ కాగితాలన్నీ బీరువా పై అరలో నీలం ఫైల్లో ఉన్నాయి. తాళం చెవి దేవుడి గూట్లో, కుంకుమ భరిణ వెనకాల. అందులో ఉన్నది కొంచెమే. ఇంకా తెలుసుకోవాలనుంటే అడిగే దారి నిబంధనల్లో ఉంది, నేను నీ పక్కన కూర్చుని దరఖాస్తు రాస్తాను. నేను వచ్చేదాకా ఆగుతానంటే ఆగు. ఆగలేనంటే నాన్నని పిలిచి ఇద్దరూ చూడండి. నాకు కోపం రాదు. కొంచెం ఏడుపొస్తే రావొచ్చు. అది నా సంగతి.

ఇంకొక్కటి మర్చిపోయా. సూపర్‌మ్యాన్ వేసుకునే బట్టలు రాకెట్‌లో వాడికి చుట్టి పంపిన దుప్పట్లని విప్పి మార్తా తయారుచేసిందట. కత్తెరకి తెగకపోతే, పిల్లాడి చూపు వేడితోనే దారం తెంపించిందట. చదవగానే నాయనమ్మ గుర్తొచ్చింది. శిశుగృహ నుంచి నువ్వొచ్చిన నీలం దుప్పటిని, తన ఎర్ర చీరనీ కలిపి ఆవిడ నీకు బొంత కుట్టలేదూ? నిన్న ఫోన్లో దాని అంచు ఊడిపోతోందని చెప్పింది. కుడదామంటే ఆవిడకి కళ్ళు ఆనడం లేదు. రేపు బళ్ళోంచి రాగానే సూదిలో దారం ఎక్కించి ఇవ్వు. ఎర్రదారం కుట్టుమిషను సొరుగులో ఉంది, నీలం అయిపోయింది, నేను కొనుక్కొస్తా.

అమ్మ