డాక్యుమెంటరీల్లో తేదీల తారుమారు

సంపాదకుల వారికి,

రాజకీయ డాక్యుమెంటరీ తీసేవారు ఒక పక్షం వహించడాన్ని నేను తప్పుపట్టను. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో ఉపాధి కోల్పోయిన కార్మికుల వైపు నిలిచి మైకేల్ మూర్ తీసిన ‘రోజర్ అండ్ మీ’ (1989) అందుకే ఇప్పటికీ కదిలిస్తుంది. అయితే 1980లో అమెరికా అధ్యక్ష అభ్యర్థిగా రీగన్ ఆ ఊరికి రావడం, 1984లో ఆటోవరల్డ్ అనే వినోద పార్కు తెరవడం, ఈ రెండూ 1986లో కార్ల సంస్థ జనరల్ మోటార్స్ ప్రకటించిన కర్మాగారాల మూసివేతకు తరువాత జరిగాయన్న భావన కలిగేలా దృశ్యాలను కూర్చడం అన్యాయం. కార్మికుల కష్టం నిజమే కదా, వరుస మార్చవలసిన అవసరమేమిటి? విమర్శకులు దాన్నే పట్టుకున్నారు. ఇటువంటి చిత్రాలను నిషేధించమని నేను అనను. తిరుపతి విశ్వవిద్యాలయాల్లో వాటిని ప్రదర్శించే అధ్యాపకులు, అసలు తేదీలను ముందుగా సేకరించి, చిత్రంలోని వరుసతో విద్యార్థులచేతనే పోల్చి చూపించాలని, తాము మెచ్చే పక్షం చిత్రాలతోనే ఆ పరీక్ష మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి